తిండి వ్యసనానికి సప్లిమెంట్ల సాయం: ఎంచుకోవడం, వాడి చూడడం, ఆపడం

కడుపు నిండా భోంచేసిన అరగంటకే మిఠాయి డబ్బా వైపు చెయ్యి వెళ్లడం, ఒక్క బిస్కెట్టుతో సరిపెడదామని మొదలుపెట్టి ప్యాకెట్టు ఖాళీ చేయడం, అర్ధరాత్రి బిర్యానీ తెప్పించుకుని ఇంట్లోవాళ్లకు తెలియకుండా తినడం వారంవారం జరుగుతుంటే దాన్ని ఉత్త జిహ్వచాపల్యమని కొట్టిపారేయకూడదు. ఈ బాధ పడేవారిలో చాలామంది సిగ్గుతో డాక్టరు దగ్గరకు వెళ్లరు. అందుకు బదులు క్రోమియం మాత్రలో, పొడపత్రి పొడో, ఎవరో చెప్పిన క్యాప్సూలో ఆన్‌లైన్‌లో కొనుక్కుంటారు. వారిని ఉద్దేశించే ఈ మార్గదర్శి రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే స్పష్టం చేస్తాను. ఏ సప్లిమెంటూ తిండి వ్యసనాన్ని నయం చేస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. అయితే కొన్నిటికి ఆకలినో, తీపి మీద యావనో కొంత తగ్గించే అవకాశం ఉంది. ఆ కొంత మనకు దక్కిందో లేదో తెలియాలంటే ఒకసారికి ఒక్కదాన్నే తీసుకోవాలి, గడువు పెట్టుకోవాలి, రోజూ లెక్క రాసుకోవాలి. నాలుగు డబ్బాలు ఒకేసారి మొదలుపెట్టినవారికి ఏది పనిచేసిందో, ఏది హాని చేసిందో ఎప్పటికీ తెలియదు.

మొదటి మెట్టు: మీది ఏ రకం సమస్యో తేల్చుకోండి

తిండి వ్యసనం అనేది ఇంకా అధికారికంగా గుర్తించిన జబ్బు కాదు. దాన్ని కొలవడానికి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో 25 ప్రశ్నల పట్టికను తయారుచేశారు, 2016లో అది 35 ప్రశ్నలకు విస్తరించింది. మత్తు పదార్థాల వ్యసనానికి వాడే కొలమానాలనే అది తిండికి అన్వయిస్తుంది: అనుకున్నదానికన్నా ఎక్కువ తినడం, మానాలని పదేపదే ప్రయత్నించి విఫలం కావడం, హాని తెలిసీ కొనసాగించడం, మానితే చిరాకు, తహతహ కలగడం వంటివి.

దీనికి దగ్గరగా ఉండి, వైద్యులు జబ్బుగా గుర్తించేది బింజ్ ఈటింగ్ డిజార్డర్. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 దానికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. ఇతరులు తినేదానికన్నా చాలా ఎక్కువ తిండిని కొద్ది వ్యవధిలో తినడం, ఆ సమయంలో ఆపుకోలేకపోవడం, ఇది కనీసం వారానికోసారి చొప్పున మూడు నెలలు సాగడం దాని ముఖ్య లక్షణాలు. వీటికి తోడు గబగబా తినడం, ఆయాసం వచ్చేదాకా తినడం, ఆకలి లేకున్నా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్న తర్వాత తనమీద తనకే అసహ్యం కలగడం అనే ఐదింటిలో మూడైనా ఉండాలి. ఈ వర్ణన మీకు సరిపోతే డాక్టరును కలవడానికి ముందు సప్లిమెంటు కొనవద్దు.

కొందరు అసలు సొంతంగా ఈ ప్రయోగం చేయకూడదు. తిన్నాక వాంతి చేసుకునేవారు, విరేచనాల మాత్రలు మింగేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లు నిండనివారు, గతంలో తిండి పూర్తిగా మానేసి చిక్కిపోయిన చరిత్ర ఉన్నవారు, కిడ్నీ లేదా కాలేయ వ్యాధి ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. ముఖ్యంగా వాంతులు, విరేచనాల వల్ల రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి వారికి కావలసింది తక్షణ వైద్యం.

రెండో మెట్టు: యావకు వేరే కారణం ఉందేమో పరీక్ష చేయించండి

నా దృష్టిలో ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. ఎందుకంటే సప్లిమెంటు నిస్సందేహంగా పనిచేసే సందర్భం ఒకటుంది: శరీరంలో నిజంగా లోపం ఉండి, దాన్ని పూడ్చినప్పుడు.

మన ఊళ్లలో పచ్చి బియ్యం బుక్కడం, బలపాలు కొరకడం, మట్టి తినడం, ఐసు ముక్కలు నమలడం ఆపుకోలేని ఆడవాళ్లను, పిల్లలను చూస్తూనే ఉంటాం. ఇంట్లోవాళ్లు దాన్ని చెడ్డ అలవాటంటారు, తిడతారు. చాలా సందర్భాల్లో దాని వెనుక ఉన్నది ఇనుము లోపం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంత విస్తారంగా ఉన్న లోపాన్ని చూడకుండా తిండి యావకు వేరే మందు వెతకడం పొరపాటు. హిమోగ్లోబిన్‌తో పాటు ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోండి, ఎందుకంటే హిమోగ్లోబిన్ పడిపోకముందే నిల్వలు అడుగంటుతాయి. లోపం తేలితే డాక్టరు చెప్పిన మోతాదులో ఇనుము మాత్ర వేసుకోవాలి. కాఫీ, టీలకు కనీసం గంట ఎడం పాటించాలి. పచ్చి బియ్యం, ఐసు మీద యావ ఇనుము అందిన కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల్లోనే తగ్గడం వైద్యులు తరచూ చూసే విషయం. అయితే ఇనుము లోపం బిర్యానీ మీద, స్వీట్ల మీద యావకు కారణమని చెప్పే ఆధారం ఇంత బలంగా లేదు.

అదే రక్తంతో చక్కెర స్థాయి, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, విటమిన్ బి12, విటమిన్ డి కూడా చూపించుకోవడం మంచిది. శాకాహారుల్లోనూ, మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ బి12 తగ్గడం సాధారణం. బి12, డి విటమిన్లు నేరుగా యావను తగ్గిస్తాయని నేను చెప్పను, కానీ నీరసంగా, నిరుత్సాహంగా ఉన్న శరీరం తీపిని ఊతంగా తీసుకోవడం సహజం.

వాడుతున్న మందుల జాబితా కూడా డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్లు, మానసిక రుగ్మతలకో మూర్ఛకో వాడే ఓలాంజపైన్, మిర్టజపైన్, వాల్‌ప్రొయేట్ ఆకలిని పెంచగలవు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మధుమేహ మందులు రక్తంలో చక్కెరను మరీ తగ్గించి, చెమటలు పట్టించి, తీపి కోసం పరుగు పెట్టిస్తాయి. అలాంటప్పుడు చేయవలసింది మోతాదును డాక్టరు చేత సరిచేయించుకోవడం. ఏ మందునూ మీ అంతట మీరు ఆపవద్దు.

నిద్ర సంగతీ ఇక్కడే చూడాలి. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, ఆకలి పెంచే గ్రెలిన్ హార్మోన్ 28 శాతం పెరిగింది, తృప్తినిచ్చే లెప్టిన్ 18 శాతం తగ్గింది. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారికి ఏ క్యాప్సూలూ ఈ తేడాను పూడ్చలేదు.

మూడో మెట్టు: రెండు వారాలు భోజనం కుదుటపరచండి

పొద్దున టిఫిను మానేసి, మధ్యాహ్నం అరకొరగా తిని, సాయంత్రం ఆరింటికి మిర్చి బజ్జీల బండి ముందు నిలబడే మనిషిది చాలావరకు ఆకలే. కాబట్టి మూడు పూటలూ వేళకు తినడం, ప్రతి పూటా మాంసకృత్తులు ఉండేట్టు చూసుకోవడం ముందు జరగాలి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో పెద్దలకు సూచించిన మాంసకృత్తుల మోతాదు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. పెసరట్టు, గుడ్లు, ముద్దపప్పు, పెరుగు, ఉడికించిన శనగలు, చేపలతో ఇది అందుతుంది. ప్రోటీన్ పొడి డబ్బా అవసరం చాలామందికి ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో కండ కోసం ప్రోటీన్ పొడులు వాడవద్దనే చెప్పింది.

ఇంట్లో చిప్సు, బిస్కెట్లు, కూల్‌డ్రింకుల నిల్వ ఉంచకపోవడం మరో పని. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో 2019లో జరిగిన ప్రయోగంలో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ ఆహారం, రెండు వారాలు మామూలు వంట ఇష్టమైనంత తినమని ఇచ్చారు. రెండిటిలోనూ చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా వడ్డించినా, ఫ్యాక్టరీ ఆహారం ఇచ్చినప్పుడు వారు రోజుకు సుమారు 500 కేలరీలు అధికంగా తిన్నారు. ఇంత ప్రభావాన్ని ఏ సప్లిమెంటుతోనూ ఆశించలేము.

నాలుగో మెట్టు: వారం రోజుల లెక్క రాయండి

సప్లిమెంటు మొదలుపెట్టకముందే ఒక నోటుపుస్తకంలో వారం పాటు ఇవి రాసుకోండి: యావ పుట్టిన వేళ, ఏ పదార్థం మీద, ఆకలి పదికి ఎంత, యావ పదికి ఎంత, అప్పటి మనఃస్థితి, గత రాత్రి నిద్ర, చివరకు ఆపుకోగలిగారా లేదా. కేలరీలు లెక్కపెట్టవద్దు, రోజూ బరువు చూసుకోవద్దు. తిండితో సతమతమయ్యేవారికి ఆ రెండూ కొత్త వేదన తెచ్చిపెడతాయి. వారాంతానికి ఆపుకోలేక తిన్న సందర్భాలు ఎన్నో ఒక అంకె వస్తుంది. ముందు ముందు పోల్చుకోవడానికి అదే ఆధారం.

ఐదో మెట్టు: మీ యావ తీరును బట్టి ఒక్కదాన్ని ఎంచుకోండి

భోజనంలో ఎంత తిన్నా తృప్తి లేక మళ్లీ మళ్లీ వడ్డించుకునేవారు మొదట ఇసబ్‌గోల్ ప్రయత్నించడం మేలు. ఇది నీటిని పీల్చి జిగురుగా ఉబ్బుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. ఆరోగ్యవంతులపై జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో టిఫినుకు, మధ్యాహ్న భోజనానికి ముందు 6.8 గ్రాములు తీసుకున్నవారికి భోజనాల మధ్య ఆకలి తగ్గింది. ఎక్కువ ఇబ్బంది పెట్టే పూటకు పావుగంట ముందు ఒక టీస్పూను పొట్టును పెద్ద గ్లాసెడు నీటిలో కలిపి, గట్టిపడకముందే తాగి, పైన ఇంకో అర గ్లాసు నీళ్లు తాగండి. వారం తర్వాత రెండు టీస్పూన్లకు పెంచవచ్చు. మొదట్లో కడుపు ఉబ్బరం మామూలే. నీళ్లు చాలకపోతే మాత్రం అది గొంతులోనో, పేగులోనో అడ్డుపడగలదు, అందువల్ల మింగడం కష్టమైనవారు, పేగు ఇరుకైనవారు వాడకూడదు. పొడిగా నోట్లో వేసుకోవడం, పడుకోబోయే ముందు తీసుకోవడం మానాలి. ఇతర మందులకు కనీసం రెండు గంటల, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం ఉండాలి. పండ్ల రుచితో వచ్చే కొన్ని రకాల్లో చక్కెర కలిపి ఉంటుంది, సాదా పొట్టే కొనండి. పీచులు యావ మీద కాక ఆకలి మీద పనిచేస్తాయన్నది గుర్తుంచుకోవాలి. ఆకలి లేకుండానే తినేవారికి దీనివల్ల ఒరిగేది తక్కువ.

తీపి ఒక్కటే బలహీనత అయినవారికి పొడపత్రి ఉంది. దీని ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గ్రహించే కేంద్రాలను అరగంట నుంచి గంట వరకు అడ్డుకుంటాయి. ఆ సమయంలో చక్కెర ఇసుకలా అనిపిస్తుంది. దీన్ని క్యాప్సూలుగా మింగితే నాలుకకు ఆకు తగలదు కనుక ఈ ఫలితం రాదు. అయినా మార్కెట్లో ఎక్కువగా అమ్మేది క్యాప్సూళ్లే. చిటికెడు ఆకు పొడిని నాలుక మీద అర నిమిషం ఉంచి పుక్కిలించి ఉమ్మేయడం, లేదా చప్పరించే బిళ్ల వాడడం సరైన పద్ధతి. భోజనం ముగిసి స్వీటు గుర్తొచ్చే వేళకు ఇది పనికొస్తుంది. రోజంతా మింగే వాడకం వేరు: అది రక్తంలో చక్కెరను తగ్గించగలదు కాబట్టి మధుమేహ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వాడకూడదు.

అన్నం, రొట్టె, మైదా, స్వీట్ల వంటి పిండిపదార్థాల మీద యావకు క్రోమియం పికోలినేట్ బాగా ప్రచారంలో ఉంది. ఆధారాలు మిశ్రమంగా ఉన్నాయి. ఇలాంటి యావ ఉన్న, అధిక బరువు గల 42 మంది మహిళలపై జరిగి 2008లో వెలువడిన ప్రయోగంలో రోజుకు 1,000 మైక్రోగ్రాములు ఎనిమిది వారాలు ఇస్తే ఆకలి, తినే పరిమాణం, కొవ్వు పదార్థాల మీద యావ తగ్గాయి. బింజ్ ఈటింగ్ డిజార్డర్ ఉన్న 24 మందికి ఆరు నెలలు ఇచ్చి చూసిన 2013 ప్రయోగంలో పరగడుపు చక్కెర తగ్గింది కానీ, ఆపుకోలేక తినడం తగ్గినట్టు గణాంకపరంగా తేలలేదు. పెద్దలకు రోజూ చాలునని భావించే క్రోమియం 25–35 మైక్రోగ్రాములే కాగా ఈ ప్రయోగాల్లో ఇచ్చింది దానికి ఎన్నో రెట్లు. అధిక మోతాదులు వాడిన కొందరిలో కిడ్నీ, కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వాడదలిస్తే రోజుకు 200 మైక్రోగ్రాములతో, భోజనంతో పాటు, ఎనిమిది వారాలకు మించకుండా వాడమనే నేను చెబుతాను. ఇన్సులిన్ లేదా చక్కెర మాత్రలు వాడేవారికి చక్కెర మరీ పడిపోవచ్చు. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం అవసరం.

ఎన్‌-ఎసిటైల్‌సిస్టీన్ మన దగ్గర కఫం కరిగించే 600 మిల్లీగ్రాముల బిళ్లగా మందుల షాపుల్లో దొరుకుతుంది. మెదడులో అలవాట్లను నడిపించే గ్లూటమేట్ అనే రసాయన వ్యవస్థను ఇది కుదుటపరుస్తుందన్న ఆశతో వ్యసనాలపై ప్రయోగిస్తున్నారు. జుట్టు పీక్కునే రుగ్మత ఉన్న 50 మందిపై 2009లో వెలువడిన ప్రయోగంలో మంచి ఫలితం వచ్చింది. తిండి విషయంలో మాత్రం ఆశలు ఎక్కువగా ఎలుకల ప్రయోగాల మీదే నిలిచి ఉన్నాయి. ఆస్తమా ఉన్నవారు, గుండె నొప్పికి నైట్రోగ్లిజరిన్ వాడేవారు దూరంగా ఉండాలి. నీటిలో కరిగే బిళ్లల్లో సోడియం ఉంటుందని రక్తపోటు ఉన్నవారు గమనించాలి. సైకియాట్రిస్టు రాస్తే తప్ప దీన్ని సొంతంగా మొదలుపెట్టమని నేను చెప్పలేను.

5-హెచ్‌టీపీ విషయంలో మరింత గట్టిగా చెప్పాలి. శరీరం దీన్ని మనఃస్థితిని, ఆకలిని ప్రభావితం చేసే సెరటోనిన్ అనే రసాయనంగా మారుస్తుంది. ఊబకాయులైన 20 మందిపై 1992లో వెలువడిన ప్రయోగంలో రోజుకు 900 మిల్లీగ్రాములు ఇస్తే పిండిపదార్థాలు తినడం తగ్గింది, త్వరగా తృప్తి కలిగింది, పలువురికి వికారమూ కలిగింది. అయితే డిప్రెషన్‌కు వాడే ఎస్సిటాలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్ వంటి మాత్రలు, నొప్పికి వాడే ట్రమడాల్, దగ్గు మందుల్లోని డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌తో ఇది కలిస్తే సెరటోనిన్ ప్రమాదకర స్థాయికి పెరిగి వణుకు, జ్వరం, కలవరం, ప్రాణాపాయం కలగవచ్చు. తిండి వ్యసనంతో బాధపడేవారిలో డిప్రెషన్ మందులు వాడేవారు ఎందరో ఉంటారు కనుక ఈ హెచ్చరిక తేలిగ్గా తీసుకోదగినది కాదు. దీనికి దగ్గరి బంధువైన ఎల్‌-ట్రిప్టోఫాన్ సప్లిమెంటులో కలిసిన మలినం వల్ల 1989లో అమెరికాలో 1,500 మందికి పైగా తీవ్ర అస్వస్థులయ్యారు, పలువురు మరణించారు.

మలబారు చింతపండు సారమైన గార్సీనియాను, గాఢమైన గ్రీన్ టీ సారాన్ని వదిలేయండి. గార్సీనియా 135 మందిపై జరిగిన 1998 ప్రయోగంలో మందు లేని ఉత్త మాత్రకన్నా మెరుగ్గా పనిచేయలేదు. రెండూ కాలేయానికి హాని చేసిన సందర్భాలు ఉన్నాయి.

ఆరో మెట్టు: డబ్బాను చదివి కొనండి

మన దేశంలో సప్లిమెంటు డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తుతో పాటు 14 అంకెల లైసెన్సు సంఖ్య, అది హెల్త్ సప్లిమెంట్ అన్న మాట, వైద్య ఉపయోగానికి కాదన్న హెచ్చరిక ఉండాలి. ఒక్కో పదార్థం ఎంత ఉందో విడివిడిగా రాయకుండా రహస్య మిశ్రమం అని మొత్తం అంకె ఒక్కటే వేసిన డబ్బాను కొనవద్దు. వారంలో యావ మాయమవుతుందనే వాట్సాప్ పొడుల విషయంలో భయపడడానికి బలమైన కారణం ఉంది. గుండెపోటు, పక్షవాతం ప్రమాదం పెంచుతుందని అమెరికాలో 2010లో ఉపసంహరించిన, మన దేశం 2011లో నిషేధించిన సిబుట్రమైన్ అనే ఆకలి చంపే మందు మూలికల పేరుతో అమ్మే ఉత్పత్తుల్లో పదేపదే బయటపడింది. మూలికా పొడి తిన్న రెండు రోజులకే ఆకలి చచ్చిపోయి గుండె దడ, నిద్రలేమి వస్తే వెంటనే ఆపి డాక్టరుకు ఆ డబ్బా చూపించండి.

అమెరికాలోని తెలుగువారు మరో సంగతి తెలుసుకోవాలి. అక్కడి 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లకు అమ్మకానికి ముందు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం ఉండదు. యూఎస్‌పీ లేదా ఎన్‌ఎస్‌ఎఫ్ అనే స్వతంత్ర సంస్థల ముద్ర ఉంటే డబ్బా మీద రాసినదే లోపల ఉందన్న భరోసా మాత్రం దొరుకుతుంది. అది పనిచేస్తుందన్న భరోసా కాదు.

ఏడో మెట్టు: గడువు పెట్టుకుని వాడి చూడండి

తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, లెక్క రాయడం కొనసాగిస్తూ, ఇసబ్‌గోల్, పొడపత్రి అయితే నాలుగు వారాలు, క్రోమియం అయితే ఎనిమిది వారాలు వాడండి. ఆ కాలంలో కొత్త డైటు, కొత్త వ్యాయామం మొదలుపెట్టవద్దు. తర్వాత రెండు వారాలు ఆపి, లెక్క మాత్రం కొనసాగించండి. బింజ్ ఈటింగ్ ప్రయోగాల్లో మందు లేని ఉత్త మాత్ర తీసుకున్నవారిలో కూడా చాలామందికి మొదట్లో గుణం కనిపిస్తుంది, కాబట్టి ఆపినప్పుడు యావ తిరిగి పెరిగిందా లేదా అన్నదే అసలు పరీక్ష.

ఇసబ్‌గోల్ తాగాక గొంతు పట్టేసినట్టున్నా, ఛాతీ నొప్పి, వాంతి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులోకి మారడం, ఒళ్లంతా దురద, దద్దుర్లు, చెమటలతో వణుకు కనిపిస్తే ఏ సప్లిమెంటయినా ఆపేయాలి. ఆపరేషను ఉంటే రెండు వారాల ముందే ఆపి, వాడుతున్న సంగతి మత్తు డాక్టరుకు చెప్పాలి.

ఎనిమిదో మెట్టు: కొనసాగించాలా, ఆపాలా

ఆపుకోలేక తిన్న సందర్భాలు మూడో వంతైనా తగ్గి, ఆపినప్పుడు తిరిగి పెరిగితే కొనసాగించడానికి కారణం ఉందని నేను భావిస్తాను. అప్పుడైనా ఇసబ్‌గోల్ తప్ప మిగతావి డాక్టరుకు తెలిసే సాగాలి. అంత తేడా లేకపోతే మోతాదు పెంచవద్దు, వెంటనే రెండోదానికి మారవద్దు.

ఆ స్థితిలో వెళ్లవలసింది సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు. బింజ్ ఈటింగ్‌కు ఇప్పటివరకు బాగా రుజువైన చికిత్స, ఆలోచనలను, అలవాట్లను మాటల ద్వారా మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. తీవ్రమైనవారికి మందులూ ఉన్నాయి: లిస్‌డెక్స్ఆంఫెటమైన్‌కు ఈ జబ్బు కోసమే అమెరికాలో 2015లో ఆమోదం లభించింది. దగ్గరలో ఎవరున్నారో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వెళ్లేటప్పుడు నోటుపుస్తకాన్ని, రక్త పరీక్షల కాగితాలను, వాడిన డబ్బాలన్నిటినీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి. ఎప్పుడు, ఎక్కడ, ఏ మనఃస్థితిలో యావ పుడుతోందో రాసి ఉన్న ఆ పేజీలు చూస్తే థెరపిస్టు మొదటి రోజే పని మొదలుపెట్టగలరు.